తోలు సీటుకు మళ్లీ తోలు వేయించవచ్చు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో సైకిలు బాగోగుల మీద వేసిన వ్యాసం చదివాను. గాలి, చైను, బ్రేకుల గురించి రాసింది బాగానే ఉంది. సీటు దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘తోలు సీటు పగిలితే తీసేసి స్పాంజి సీటు వేయించుకోండి, లేదా పైన రెక్సిన్ కవర్ తొడగండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను బాలానగర్‌లో టర్నర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ డ్యూటీకి సైకిల్ మీదే వెళ్లాను, ఇప్పుడూ కూరగాయలకు దానిమీదే వెళ్తాను. ఆ ఒక్క ముక్క నాకు మింగుడు పడలేదు.

పాత హెవీ సైకిళ్ల తోలు సీటులో స్పాంజి ఉండదు. ముందు ముక్కుకీ వెనక రేకుకీ మధ్య దళసరి తోలు ఒక్కటే బిగదీసి ఉంటుంది, నులక మంచం మాదిరి. మంచం వదులైతే కాళ్లవైపు తాడు లాగి బిగిస్తాం కదా, ఇక్కడ ముక్కు కింద బోల్టు ఉంటుంది. రోజూ కూర్చుంటుంటే తోలు ఆ మనిషి ఒంటికి తగ్గట్టు తయారవుతుంది. సాగిపోయిన తోలు మీద రెక్సిన్ తొడిగితే సాగింది సాగినట్టే ఉంటుంది, పైగా లోపల చెమట ఆరక తోలు కుళ్లిపోతుంది. 1866లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మొదలైన బ్రూక్స్ కంపెనీ ఇప్పటికీ ఈ రకం సీట్లు తయారుచేస్తోంది. అక్కడినుంచి తెప్పించుకుంటే వేలల్లో ఖర్చు. మా మూసాపేటలో ఫుట్‌పాత్ మీద చెప్పులు కుట్టే పెద్దాయన నా పాత సీటుకే కొత్త తోలు వేసి పెట్టాడు.

ముందు తోలు సంగతి. హ్యాండ్‌బ్యాగులకు వాడే మెత్తటి తోలు దీనికి పనికిరాదు. అది క్రోమియం ఉప్పుతో పదును చేసినది (పచ్చి చర్మం కుళ్లకుండా తోలుగా మార్చడమే పదును చేయడం). తడిపి ఒక ఆకారానికి వంచినా ఆరాక మళ్లీ మామూలైపోతుంది. కావలసింది చెట్టు బెరడుతో పదును చేసిన గేదె తోలు. మన పల్లెల్లో లందల్లో, అంటే తోలు నానబెట్టే తొట్లలో, తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వేసి చేసేవారు. తంగేడు పువ్వు బతుకమ్మకు, బెరడు లందకు. రాష్ట్ర పుష్పం అని చెప్పుకునేవాళ్లలో రెండోది ఎందరికి తెలుసో! దుకాణంలో తోలు అంచు కోసి చూడాలి. లోపలిదాకా గోధుమరంగు ఉంటే బెరడు తోలు, మధ్యలో నీలం పట్టినట్టు బూడిదరంగు ఉంటే క్రోమ్ తోలు. నేను చూపించిన మొదటి ముక్కను పెద్దాయన రెండు చేతులతో లాగి చూసి పక్కన పెట్టేశాడు. “ఇది పొట్ట తోలు సారూ. ఇయ్యాల మంచిగనే ఉంటది, రెండు నెలలు తొక్కితే సాగి కిందికి జారుతది. వీపు తోలు తీసుకుందాం” అన్నాడు. వీపు తోలు దొరికాక, టూల్‌రూమ్ అలవాటు పోక, వెర్నియర్ పెట్టి కొలిచాను. 5.5 మిల్లీమీటర్లు. మరీ పల్చనిదైతే మనిషి బరువు ఆపదు.

పాత రివెట్ల తలలు ఆకురాయితో అరగదీసి పంచ్‌తో కొడితే ఊడి వస్తాయి. తర్వాత పాత తోలును అట్ట మీద పెట్టి గీసి కోసేస్తే చాలనిపిస్తుంది. కానీ పాతది సాగి ఉంటుంది, అదే కొలతకు కోస్తే కొత్త సీటు మొదటిరోజే వేలాడుతుంది. పెద్దాయన దాన్ని నానబెట్టి, పీట మీద చదునుగా పరిచి, పొడవులో సెంటీమీటరు దాకా తగ్గించి గీశాడు. కొత్త తోలును మామూలు చన్నీళ్లలోనే నానేశాడు. బాగా వేడి నీళ్లు తగిలితే ఇలాంటి తోలు ముడుచుకుని బిరుసెక్కి ఎందుకూ కొరగాకుండా పోతుంది.

సీటు లోపలి ఆకారానికి నేను చెక్క దిమ్మ ఒకటి చేసి ఇచ్చాను. పంక్చర్ షాపులో పారేసే పాత ట్యూబును పట్టీలుగా కోసి, తడి తోలును దిమ్మ మీద పరిచి, ముక్కు దగ్గరనుంచి వెనక్కి బిగించి చుట్టుకుంటూ వచ్చాడు. మడత పడిన చోట పట్టీ విప్పి, కొమ్ము ముక్కతో రుద్ది రుద్ది చదును చేసి మళ్లీ చుట్టాడు. ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది కదా అంటే ఒప్పుకోలేదు. ఎండకు పైపొర బిరుసెక్కి పగులుతుందట. నీడనే ఆరింది. ఆరాక అంచును తోలు కోసే రంపె కత్తితో వాలుగా చెక్కి, రివెట్లకు బెజ్జాలు వేశాడు. ఇనుప రివెట్లు చవక, కానీ బెరడు వగరుకీ ఇనుముకీ పడదు. తడి తగిలితే చుట్టూ నల్లటి మచ్చ పడుతుంది. అందుకే బేగంబజార్ వెళ్లి రాగి రివెట్లు, వాషర్లు తెచ్చాను. ముక్కు బోల్టు బాగా వదులు చేసి తోలు బిగించాడు, తర్వాత్తర్వాత బిగించుకోవడానికి మర ఉండాలని. చివర అడుగున ఆముదం పల్చగా రాశాడు. ఎక్కువైతే మెత్తబడి సాగుతుంది. వాన పడితే ప్లాస్టిక్ కవర్ ఒకటి తొడిగితే చాలు.

సీటు అసలే లేనివాళ్లు ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత సీటు ఫ్రేములు వెతుక్కోవచ్చు. స్పాంజి సీట్లకైతే ఇంత పని లేదు. పాత కవర్ పీకి, పల్చటి తోలు సొల్యూషన్‌తో అంటించి అంచులు లోపలికి మడిస్తే అయిపోతుంది.

ఇంతకీ ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే ఉంది. ఈ మధ్య ఫుట్‌పాత్ ఖాళీ చేయించేవాళ్లు వచ్చి పెద్దాయన గొడుగు, పెట్టె, తోలు కుట్టే ఆరెలు అన్నీ బండిలో వేసుకుని పోయారు. పెట్టె తిరిగొచ్చింది, ఆరెలు రాలేదు. ఇప్పుడు ఓ అపార్ట్‌మెంట్ గోడ పక్కన, వాచ్‌మన్ దయ మీద కూర్చుంటున్నాడు. వీధి విక్రయదారుల చట్టం 2014లోనే వచ్చింది. అది సరుకు అమ్మేవాళ్లకే కాదు, వీధిలో సేవలందించే వాళ్లకూ వర్తిస్తుంది. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదు, తరలించాలన్నా 30 రోజుల ముందు నోటీసివ్వాలి అని అందులోనే ఉంది. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో చర్మకారుల వృత్తీ ఉంది. పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తామంటున్నారు. ఆ పనిముట్లు పెట్టుకుని కూర్చునే జాగా మాత్రం ఎవరూ చూపించడం లేదు.

అదే 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ సోలార్ పైకప్పుతో సహా వేశారు. సంతోషం, మా మనవడు వెళ్లి తొక్కి వచ్చాడు. సైకిళ్ల కోసం అంత నీడ వేసినవాళ్లు, సైకిల్ సీటు బాగుచేసే మనిషికి ఆరడుగుల నీడ ఇవ్వలేరా? మూసాపేట, ఎర్రగడ్డ మెట్రో స్టేషన్ల కింద పార్కింగ్ పక్కన ఒక్కో మూల కేటాయిస్తే సరిపోతుంది. ఈ మాట సంబంధిత అధికారులను మీ సిటీ పేజీ విలేకరి అడిగి, వాళ్లిచ్చిన జవాబు పత్రికలో వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ టర్నర్,
మూసాపేట, హైదరాబాద్