మిగిలిన అన్నం అమ్మ ఒక్కదాని వంతేనా?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో మీరు వేసే వంటల పేజీ నేను వదలకుండా చదువుతాను. ఫొటోలు చూస్తేనే నోరూరుతుంది. కానీ ‘కావలసినవి’ దగ్గరికి వచ్చేసరికి ఫ్రెష్ క్రీమ్, చీజ్, బ్రకోలీ అని ఉంటుంది, అవి మా ఇంట్లో ఉండవు, మా వీధి కిరాణా కొట్లోనూ దొరకవు. మా ఇంట్లో రోజూ ఉండేవి వేరు. రాత్రి మిగిలిన గిన్నెడు అన్నం, కాస్త ముద్దపప్పు, పొద్దుటి ఇడ్లీలు నాలుగైదు, పులిసిపోయిన దోసెల పిండి, పోపుల డబ్బా, జాడీలో మాగాయ. రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చి వీటితో ఏం చేసుకోవాలో చెప్పేవాళ్లు మాత్రం కనబడరు.

మన ఇళ్లలో మిగిలింది ఎవరు తింటారో అందరికీ తెలుసు. పిల్లలకీ ఆయనకీ వేడన్నం, అమ్మకి నిన్నటి గిన్నె. తినమని ఎవరూ చెప్పరు, పారేయడానికి చేతులు రాక అందరికీ వడ్డించాక ఆవిడే తినేస్తుంది, అది అలవాటైపోయి ఇంట్లో వాళ్ల కంటికి కూడా ఆనదు. నాకు దీని మీద కోపం. అదే అన్నానికి ఇంత పోపు పెట్టి, నిమ్మకాయ పిండి, అందరి కంచాల్లోకీ తెస్తే ఆ వంతు ఒక్క మనిషి మీద పడదు కదా!

ఇడ్లీ ఉప్మా సంగతే చూడండి. వేడి ఇడ్లీని చిదిమితే ముద్దయిపోతుంది, ఫ్రిజ్‌లో పెట్టిందైతే వేళ్ల మధ్య పొడిపొడిగా రాలుతుంది, అంటే దీనికి మిగిలిన ఇడ్లీయే కావాలి. నూనె కాస్త ధారాళంగా వేసి, శనగపప్పు, మినప్పప్పు ఎర్రబడ్డాక ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఉల్లిపాయ ముక్కలు, చిటికెడు పసుపు వేసి, అవి మగ్గాక చిదిమిన ఇడ్లీ కలిపి, నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి మూత పెట్టాలి. ఇడ్లీలో ఉప్పు ఉండనే ఉంటుంది, మళ్లీ చూసుకుని వేయాలి. గడ్డకట్టిన ముద్దపప్పు ఉంటే పప్పుచారు అయిపోతుంది. ఏ సొరకాయ ముక్కో ములక్కాడో ముందు ఉడకనిచ్చి ఆ తర్వాతే చింతపండు రసం పోయాలి, ముందే పులుపు పడితే ముక్క తొందరగా మెత్తబడదు. పులిసిన పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపితే గుంటపొంగణాలు. ఏమీ లేని రోజున కందిపొడి, నెయ్యి, పక్కన పచ్చిపులుసు చాలు, దానికి చారులా మరగబెట్టే పని కూడా లేదు. తెలంగాణలో రొట్టెను బెల్లంతో నలిపి మలీద ముద్దలు చేసి సద్దుల బతుకమ్మకు నైవేద్యం పెడతారు, మిగిలిన చపాతీలతోనూ అలాగే చేసిపెడితే పిల్లలు ఇష్టంగా తింటారు.

ఒక జాగ్రత్త మాత్రం ఈ వంటలతో పాటే రాయాలి. ఎండాకాలం మధ్యాహ్నం వండిన అన్నం రాత్రి దాకా గట్టు మీదే ఉంటే అందులో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, అది వదిలిన విషం మళ్లీ వేడి చేసినా పోదు, వాంతులు పట్టుకుంటాయి. కాబట్టి తినడం అవగానే, గంట రెండు గంటల్లోపే, చిన్న గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి, తినేముందు పొగలు వచ్చేలా ఒక్కసారే వేడి చేయాలి. వాసన తేడాగా ఉంటే పారేయడమే, అప్పుడు మొహమాటం వద్దు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్ల నుంచే. పెళ్లి భోజనాల్లో పారేసిన విస్తళ్ల గురించి మనం బాగా మాట్లాడుకుంటాం గానీ, మన సింకు పక్కనున్న గిన్నె గురించి ఎవరూ మాట్లాడరు.

అమీర్‌పేటలో గది తీసుకున్న కుర్రాళ్లయినా డాలస్ వెళ్లిన పిల్లలయినా డబ్బాల నిండా పొడులూ ఊరగాయలూ మోసుకెళ్తారు. కానీ ఫ్రిజ్‌లో అన్నం పెట్టుకుని బయటి నుంచి తెప్పించుకుని తింటారు, ఎందుకంటే పోపు పెట్టడం వాళ్లకి ఎవరూ నేర్పలేదు, మగపిల్లలకైతే మరీను.

అందుకని మీకు నా విన్నపం. వారానికి ఒక్క మూల, పది వరుసలు చాలు, ‘మిగిలిన అన్నం’, ‘మిగిలిన పప్పు’, ‘మిగిలిన చపాతీ’ అని వరసగా వేయండి. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా పాఠకులనే అడగండి, ఒక్కో ఇంట్లో ఒక్కో పద్ధతి ఉంటుంది. పంపినవాళ్లలో మగవాళ్లు ఉంటే వాళ్లవి ముందు అచ్చువేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి