ఆడపిల్ల వాటాకు ఆచారం అడ్డు కాదు

సంపాదకులకు,

గోదావరి డెల్టాలోని కొన్ని ముస్లిం కుటుంబాలలో తండ్రి పోయాక వరిచేలు, కొబ్బరితోటలు కొడుకుల పేరనే మారిపోతున్నాయి. కూతుళ్లు అడిగితే, పెళ్లికి కట్నకానుకలు ఇచ్చేశామని, మన ఆచారం ఇదేనని పెద్దలు సర్దిచెబుతారు. ఈ మాటకు మతం అండ ఉందని నమ్మేవారూ ఉన్నారు. అది సరికాదు.

ఇస్లామీయ ధర్మశాస్త్రం స్థానిక ఆచారాన్ని తోసిపుచ్చలేదు. ముఖ్యంగా సున్నీ ధర్మశాస్త్ర శాఖలలో ఒకటైన హనఫీ సంప్రదాయంలో 'ఉర్ఫ్' పేరుతో దానికి గౌరవమైన స్థానం ఉంది. పెళ్లిలో వరుడు వధువుకు ఇవ్వవలసిన మహర్‌లో ఎంత భాగం వెంటనే చెల్లించాలో నికాహ్ వేళ తేల్చుకోకపోతే ఆ ప్రాంతపు వాడుకను బట్టే నిర్ణయిస్తారు. భూమిని పంటలో పాలుకు ఇవ్వడాన్ని ఈ సంప్రదాయానికి మూలపురుషుడైన ఇమామ్ అబూ హనీఫా ఒప్పుకోకపోయినా ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీ అనుమతించారు. జనం అవసరాన్నీ, స్థిరపడిన వాడుకనూ చూసి తరువాతి పండితులు ఆ శిష్యుల అభిప్రాయానికే ఫత్వా ఇచ్చారు. పాలు మీదా కౌలు మీదా ఇంత సేద్యం నడిచే మన ప్రాంతంలో ఈ సంగతి అందరికీ తెలియవలసినది.

అయితే ఖురాన్ స్పష్టంగా చెప్పిన చోట ఆచారం చెల్లదని ఆ పండితులే అన్నారు. తల్లిదండ్రులు విడిచిన ఆస్తి కొద్దిదైనా ఎక్కువైనా అందులో స్త్రీలకు వాటా ఉందని నిసా సూరా (అధ్యాయం) 7వ ఆయత్ (వాక్యం), కొడుక్కి వచ్చేదానిలో సగం కూతురికి చెందాలని 11వ ఆయత్ నిర్దేశించాయి. 1961 నుంచి చట్టమే నిషేధించిన కట్నాన్ని ఈ వాటాకు బదులుగా చూపడం మరీ అన్యాయం.

చట్టం సంగతికి వస్తే, 1937 నాటి షరియత్ చట్టం వారసత్వంలో ఆచారాన్ని పక్కనబెట్టినా వ్యవసాయ భూమిని మినహాయించింది. అప్పుడు మన జిల్లాలు ఉన్న మద్రాసు రాష్ట్రం 1949లో సవరణ చేసి ఆ మినహాయింపును తీసేసింది. కాబట్టి ఇంటికైనా చేనుకైనా ఒకే న్యాయం వర్తిస్తుంది. తండ్రి బతికుండగానే కూతురి చేత రాయించుకున్న హక్కు విడుదల కాగితం కూడా సాధారణంగా నిలవదు. తన వాటా చేతికి వచ్చాక ఆమె ఇష్టపడి అన్నదమ్ములకు ఇచ్చుకుంటే అది వేరే విషయం.

మసీదు కమిటీలు, ఖాజీలు ఈ విషయాన్ని జుమా ప్రసంగాలలో తెలుగులోనూ వివరించాలి. తండ్రి మరణానంతరం పట్టాదారు పేరు మార్చే రెవెన్యూ సిబ్బంది, కూతుళ్ల పేర్లు లేని వారసుల జాబితా వచ్చినప్పుడు విచారణ జరపకుండా అంగీకరించరాదని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, అమలాపురం