మొక్క నాటేముందు వేళ్లు చూడండి

సంపాదకులకు,

మొక్కలు నాటిన వార్తలతో పాటు పత్రికల్లో వచ్చే ఫొటోలను ఒకసారి పరికించి చూడండి. చాలా వాటిలో కాండం కరెంటు స్తంభంలా నేరుగా మట్టిలోకి దిగిపోయి ఉంటుంది. చెట్టు మొదలు అలా ఉండకూడదు. కాండం వేళ్లుగా చీలే చోట కాస్త వెడల్పై, ఏనుగు పాదంలా విచ్చుకుని నేలపైన కనబడాలి. కనబడటం లేదంటే మొక్కను లోతుగా పాతేశారన్నమాట. నీళ్లు లేక ఎండిన మొక్క అందరి కంటా పడుతుంది. కుండీలోనో ప్లాస్టిక్ సంచిలోనో పెరిగిన మొక్కను లోతుగా నాటడం, చుట్టుకుపోయిన వేళ్లను అలాగే పూడ్చేయడం అనే రెండు తప్పులు మాత్రం ఏళ్ల తరబడి మట్టి కింద దాగి ఉంటాయి.

వేళ్ల సంగతే ముందు చెప్పాలి. కుండీ గోడ తగలగానే వేరు పక్కకు తిరిగి, గోడ వెంటే చుట్లు చుడుతుంది. కుండీ తీసేసినా ఆ మెలిక పోదు. కర్రలా ముదిరిన వేరు దానంతటది సాఫీ కాదు. ఏటేటా కాండం లావెక్కుతుంది, దాన్ని చుట్టిన వేరూ లావెక్కుతుంది. చివరికి వేరు ఉరితాడులా బిగిసి, నీరూ ఆహారమూ నడిచే దారులను నొక్కేస్తుంది. పచ్చగా ఉన్న చెట్టే ఒక గాలివానకు కూకటివేళ్లతో ఒరిగిపోతుంది. అలా పడిన చెట్టు అడుగు చూస్తే, కొన్నిసార్లు వేళ్లు ఇంకా కుండీ ఆకారంలోనే ఉంటాయి!

అందుకే కొనేటప్పుడే మొక్కను కుండీలోంచి మెల్లగా జారదీసి చూడాలి. వేళ్లూ మట్టీ కలిసిన ముద్ద అంచున సన్నని లేత వేళ్లు కనబడితే మంచిదే. వేలెడు లావు వేరు కాండాన్ని చుట్టేసి ఉంటే ఆ మొక్క వద్దు. ఎత్తు చూసి మోసపోవద్దు. చిన్న కుండీలోని చిన్న మొక్కే త్వరగా నిలదొక్కుకుంటుంది.

నాటే రోజు ముద్దను బాగా తడిపి, సంచిని నిలువునా కోసి పూర్తిగా తీసేయాలి. అడుగు మాత్రం చించి సంచితోనే పాతిపెట్టే పద్ధతి దయచేసి మానండి. తర్వాత కాండం పక్కన పైమట్టిని చేతివేళ్లతో గీకుతూ మొదటి లావు వేరు కనబడేదాకా పోవాలి. కుండీ మార్చినప్పుడల్లా పైన మట్టి పోయడం వల్ల అది చాలాసార్లు నాలుగైదు సెంటీమీటర్ల కింద ఉంటుంది. దాని పైనున్న మట్టినంతా తీసేయాలి. ఇక పదునైన కత్తితోనో చిన్న రంపంతోనో ముద్ద చుట్టూ, అడుగునా 2-3 సెంటీమీటర్ల మందాన చెక్కేయాలి. మొక్క చచ్చిపోతుందేమోనని ఇక్కడే చాలామంది జంకుతారు. భయం అక్కర్లేదు, కోసిన చోటి నుంచే కొత్త వేళ్లు బయటివైపుకు పుడతాయి. ఎండలు ముదరని కాలం చూసుకుంటే చాలు.

గొయ్యి లోతు ముద్ద ఎత్తును మించకూడదు, వెడల్పు మాత్రం దానికి రెండు మూడింతలు ఉండాలి. మొక్కలు రాకముందే అన్ని గోతులూ ఒకే లోతున తవ్వించి పెట్టే నిర్వాహకులు ఇది గమనించాలి. లోతు గోతిని వదులు మట్టితో నింపి నాటితే, నాలుగు వానలకు ఆ మట్టి కుంగి మొక్క దిగబడుతుంది. పార కర్రను గోతికి అడ్డంగా పెట్టి చూస్తే మొదలు నేలమట్టానికి ఉందో లేదో తెలిసిపోతుంది. ఒక సెంటీమీటరు పైకి ఉన్నా నష్టం లేదు. బంకమట్టిలో గోతి గోడలు గచ్చు చేసినట్టు నునుపెక్కుతాయి, వాటిని పార మొనతో గీరాలి. తవ్విన మట్టినే తిరిగి పూడ్చాలి. ఎరువు గోతిలో కలపొద్దు, పైన పలచగా వేస్తే చాలు.

నీళ్ల దగ్గర జరిగే పొరపాటు వేరు. నర్సరీ మిశ్రమం గుల్లగా ఉంటుంది కాబట్టి చుట్టూ నేల తడిగా ఉన్నా ముద్ద ఎండిపోతుంది. మొదటి నెలల్లో నీళ్లు ముద్ద మీదే పడాలి. కాండం రెండున్నర సెంటీమీటర్ల లావుంటే తడవకు 8-10 లీటర్లు పోయాలి. మొదటి రెండు వారాలు రోజూ, ఆ పైన రెండు నెలలు రెండు మూడు రోజులకోసారి, తర్వాత వేళ్లు పాకేదాకా వారానికోసారి. నీళ్లు తక్కువైనా, ఎక్కువైనా ఆకులు ఒకేలా వాలతాయి. కాబట్టి బిందె ఎత్తేముందు ముద్దలోకి వేలు దించి తడి చూడాలి.

పాదులో గడ్డి తీసేసి 5-8 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పరవాలి, కాండానికి మాత్రం బెత్తెడు దూరం వదలాలి. ఆనుకుని ఉంటే బెరడు కుళ్లుతుంది.

ఊతకర్ర తనంతట తాను నిలబడలేని మొక్కకే. గాలికి కాస్త ఊగితేనే కాండం బలపడుతుంది. అందుకే మొక్క ఎత్తులో మూడో వంతు దగ్గర, వెడల్పాటి గుడ్డపేలికతో వదులుగా కట్టాలి. ఏడాది తిరిగేసరికి ఆ కట్టు విప్పేయాలి. విప్పడం మరిచిన తాడును పెరిగే బెరడు మింగేస్తుంది, మొక్క సరిగ్గా అక్కడే విరుగుతుంది.

– ఒక పాఠకుడు