వేలంలో కొన్న మిలిటరీ లారీని నేరుగా హైవే ఎక్కించొద్దు

సంపాదకులకు,

మిలిటరీ లారీలు వేలంలో కారుచౌకగా దొరుకుతున్నాయన్న మాట ఈ మధ్య బాగా తిరుగుతోంది. ఫామ్‌హౌస్ పనులకని, అడవి దారుల్లో సరదాకని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎం.ఎస్.టి.సి. ఆన్‌లైన్ వేలంలో పాట పాడుతున్నవాళ్లున్నారు. కొనుక్కోవచ్చు, తప్పేం లేదు. కానీ ఏళ్ల తరబడి యార్డులో ఎండకు ఎండి వానకు తడిసిన బండిని గేటు దాటించి అలాగే ఇంటికి నడుపుకొస్తామంటేనే చిక్కు. బండి జబల్‌పూర్‌లో కొన్నారనుకోండి, అక్కణ్ణుంచి నాగ్‌పూర్, ఆదిలాబాద్ మీదుగా హైదరాబాద్ అంటే ఏడు వందల కిలోమీటర్ల పైమాటే.

ముందు కాగితాల సంగతి. సైన్యం బండికి మనకున్నట్టు ఆర్.సి. ఉండదు. మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ కింద దాని రిజిస్ట్రేషన్ రక్షణ శాఖ దగ్గరే ఉంటుంది. బండి సైన్యం చేయి దాటాక బాణం గుర్తుతో ఉండే సైన్యం నంబరు చెల్లదు, మామూలు బండిలా మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. దానికి అమ్మిన అధికారి ఇచ్చే ఫారం 21 (అమ్మకపు ధ్రువపత్రం) అసలు ప్రతి కావాలి. డిపోలో ఉండగానే ఇంజన్, చాసిస్ నంబర్ల మీద మట్టీ గ్రీజూ డీజిల్ గుడ్డతో తుడిచి, పెన్సిల్ ముద్ర తీసి కాగితంతో సరిచూసుకోండి. ఓవర్‌హాల్‌లో ఇంజన్ మార్చిన బండ్లు చాలా ఉంటాయి. ఒక్క అంకె తేడా వచ్చినా ఆర్.టి.ఓ. దగ్గర ఫైలు కదలదు. ఆలివ్ గ్రీన్ రంగు కూడా మార్చేయాలి, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ దాని ప్రకారం అది రక్షణ శాఖ బండ్లకు మాత్రమే. ఇంకో సంగతి, 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ బండ్లకు రిజిస్ట్రేషన్ పొడిగింపు లేదు. అవి స్క్రాప్ కేంద్రాలకే పోవాలి. సైన్యం ఆపరేషన్లలో వాడే ప్రత్యేక వాహనాలకు ఉన్న మినహాయింపు మీరు కొన్న సరుకుల లారీకి వర్తిస్తుందని ఊహించుకోవద్దు. లాట్ (వేలానికి పెట్టిన సరుకు) స్క్రాప్ కిందా, రోడ్డు మీద తిప్పడానికా అన్నది కేటలాగ్‌లో చూశాకే పాట పాడండి.

ఇక బండి. 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైన సైన్యం లారీ శక్తిమాన్ కావచ్చు, తర్వాత వచ్చిన స్టాలియన్ కావచ్చు, నిలబెట్టిన బండి జబ్బులు దాదాపు ఒకటే. అందరూ మోసపోయేది టైర్ల దగ్గర. గ్రిప్పు అరగకుండా కొత్తదానిలా కనిపిస్తుంది. టైరు పక్కన ఉండే కోడు చివరి నాలుగంకెలు చూడండి. 1412 అంటే 2012లో పద్నాలుగో వారం. సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద వేలి గోరు దిగేంత పగుళ్లుంటే గ్రిప్పు ఎంత ఉన్నా ఆ టైరు హైవేకి పనికిరాదు, వేడెక్కాక పొరలు విడిపోతాయి. లాక్ రింగు (టైరును రిమ్‌కు పట్టి ఉంచే విడి ఇనుప రింగు) ఉన్న రిమ్ అయితే, గాలి మొత్తం తీసి వాల్వ్ పిన్ను ఊడబీకాకే నట్లు విప్పాలి. గాలి కొట్టేటప్పుడు ఇనుప పంజరంలో పెట్టాల్సిందే. ఎగిరిన రింగు మనిషి ప్రాణం తీస్తుంది.

డీజిల్ ట్యాంకు కింది ప్లగ్గు విప్పి అయిదు లీటర్లు సీసాల్లో పట్టి అరగంట ఉంచండి. అడుగున నీళ్లు, నల్లటి జిగురు కనబడితే ట్యాంకు దించి కడగాలి. ఫిల్టర్లు ఇప్పుడు మార్చినా ఇంకో జత వెంట ఉండాలి, దారి కుదుపులకు మిగిలిన తుప్పంతా వాటిలోకే వస్తుంది. స్టార్టు చేసే ముందు ఫ్యూయల్ పంపు స్టాప్ లివరు చేత్తో కదుపుతూ చూడండి. పంపు లోపలి రాక్ (ఎంత డీజిల్ పోవాలో నిర్ణయించే కడ్డీ) తుప్పుతో ఫుల్ దగ్గర పట్టేసి ఉంటే ఇంజన్ స్టార్టవగానే వేగం అందుకుని ఇక ఆగదు. గాలి పైపు నోరు మూయడానికి ఒకరు చెక్క పలకతో సిద్ధంగా ఉండాలి, అరచేత్తో మాత్రం కాదు. స్టాప్ లాగి పట్టి, ఆయిల్ ప్రెషరు ముల్లు లేచేదాకా స్టార్టరు తిప్పాకే డీజిల్ వదలాలి.

కరెంటు 24 వోల్టులు, అంటే రెండు పన్నెండు వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే రెండూ పాడవుతాయి. చార్జరుకనో పాటల పెట్టెకనో ఒక్క బ్యాటరీ నుంచి వైరు లాగినా అంతే. హెడ్‌లైట్లు వెలగట్లేదని కొందరు వైరింగంతా పీకేస్తారు, తీరా చూస్తే స్విచ్ కాన్వాయ్ లైటు మీద ఉంటుంది. (వెనక వచ్చే బండికి మాత్రమే కనబడేలా, వెనక ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ మీద తెల్ల రంగు వేసి, దానిపై పడేలా పెట్టిన చిన్న దీపమే ఆ లైటు.)

గాలి బ్రేకులైతే ట్యాంకు నిండాక ఇంజన్ ఆపి, పెడల్ తొక్కి పట్టుకుని ఒక నిమిషం గేజీ చూడండి. 0.2 బార్ కన్నా ఎక్కువ పడితే ఎక్కడో డయాఫ్రమో పైపో కారుతున్నట్టే. ట్యాంకు డ్రైన్ తిప్పితే నూనె కలిసిన నీళ్లొస్తే కంప్రెసర్ రింగులు అరిగాయి. యాక్సిల్ ఆయిల్ పాలలా ఉంటే నీళ్లు చేరాయి. యాక్సిల్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ మూసుకుపోతే లోపలి ఒత్తిడికి హబ్బు (చక్రం మధ్య భాగం) సీలు తన్నుకుని ఆయిల్ బ్రేకు డ్రమ్ములోకి దిగుతుంది, అప్పుడు ఘాట్‌లో బండి ఆగదు. పది రూపాయల బ్రీదరే గదా అని వదిలేయొద్దు. సీలు కొలతలు దాని మీదే ఉంటాయి, అవి రాసుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ విడిభాగాల దుకాణాల్లో అడిగితే చాలు. శక్తిమాన్ పేరు చెప్పి వెతికితే దొరకదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే తాత్కాలిక రిజిస్ట్రేషన్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తీసుకుని కదలండి. మొత్తం బరువు 7,500 కిలోలు దాటే బండికి ఎల్.ఎం.వి. (తేలికపాటి వాహనాల) లైసెన్సు సరిపోదు. పది కిలోమీటర్లకు ఆగి నాలుగు హబ్బులూ చేతి వెనకవైపుతో తాకి చూడండి, యాభైకి మళ్లీ. ఒకటి మాత్రమే కాలుతుంటే బ్రేకు పట్టేసిందో, బేరింగు పోతోందో. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయొద్దు, ముందు వెనక చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుని లివరు రాదు. పొరపాటున వేస్తే నాలుగు గజాలు వెనక్కి నడిపితే వదులుతుంది. గంటకు యాభై కిలోమీటర్ల వేగం దాటి నడపాల్సిన పని లేదు. ఏ ఒక్క పరీక్షలో అనుమానం వచ్చినా లో-బెడ్ ట్రాలీ మాట్లాడుకోండి. రాడ్డు కట్టి లాగించాల్సి వస్తే చక్రాలకు శక్తి అందించే ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పాకే లాగించాలి.

వేలం వేసే యూనిట్లకు ఒక విన్నపం. లాట్ వివరాల్లో టైర్ల తయారీ వారం, ఇంజన్ మీద కొట్టి ఉన్న నంబరు, బ్యాటరీలు ఉన్నాయో లేదో రాయించండి. ఫారం 21ను డెలివరీ ఆర్డరుతో పాటే చేతిలో పెట్టండి. ఆ ఒక్క కాగితం కోసం కొన్నవాడు మళ్లీ జబల్‌పూర్ రైలెక్కే పని తప్పుతుంది.

— ఒక డీజిల్ మెకానిక్, బోయిన్‌పల్లి, సికింద్రాబాద్