ఆర్థిక మంత్రి గారూ, ఒక్క బిల్లుకు ఎన్నిసార్లు పన్ను కట్టాలి?

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం. సరుకు అమ్మినవాడు ఎగ్గొట్టిన పన్నును కొన్న నన్ను మళ్లీ కట్టమంటున్నారు. ఈ సంగతి మీద నేను రాస్తున్న నాలుగో ఉత్తరమిది. మొదటి మూడింటికీ అర్జీ అందిందంటూ ఫోనుకు నంబర్లు వచ్చాయి. వాటిని ఆవర్జా చివరి పేజీలో ఎక్కించి పెట్టుకున్నాను. లెక్కలు భద్రంగా దాచమన్నది మీరే కదా.

తెనాలిలో పైపులు, మోటార్లు అమ్ముకునే చిన్న కొట్టు మాది. మార్చి వచ్చిందంటే షట్టరు సగం దించి, రాత్రి పదకొండు దాకా బిల్లులు సరిచూసుకుంటాం. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి ఒక్క రిటర్నూ ఎగ్గొట్టలేదు. మా నాన్నగారు పోయిన నెలలో నాలుగు రోజులు ఆలస్యమైతే, రోజుకు 50 చొప్పున 200 రూపాయలు మారుమాట లేకుండా కట్టాను.

నా గోడు అది కాదు. 2023 ఆగస్టులో విజయవాడ హోల్‌సేల్ వ్యాపారి దగ్గర 3,20,000 రూపాయల పైపులు కొన్నాను. పన్ను 57,600. మొత్తం బ్యాంకు ద్వారానే పంపాను. బిల్లు నా 2బిలో, అంటే అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో పోర్టల్ నాకిచ్చే పట్టీలో కనబడింది. క్రెడిట్ తీసుకున్నాను, అంటే ఆ పన్నును నేను కట్టాల్సిన దాంట్లో తగ్గించుకున్నాను. ఆ పెద్దమనిషి మాత్రం నా పన్ను జేబులో వేసుకుని, పన్ను కట్టే రిటర్ను 3బి వేయకుండా బోర్డు పీకేశాడు. అతను 3బి వేయాల్సిన 2024 సెప్టెంబరు 30 దాటింది. నవంబరు 30లోగా ఆ క్రెడిట్ నేనే వెనక్కి ఇవ్వాలట, జీఎస్టీ 37ఎ నిబంధనట. ఇవ్వలేదని నోటీసు వచ్చింది, పైన 18 శాతం వడ్డీ.

బిల్లు, సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లు, లారీ రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటు, అన్నీ సంచిలో వేసుకుని ఆఫీసుకు వెళ్లాను. లారీ తూకం వేసిన కాటా చీటీ కూడా తీశాను. మెషీన్ కాగితం కదా, ట్రంకుపెట్టె వేడికి అక్షరం మిగల్లేదు. అధికారి దాన్ని ట్యూబ్‌లైటుకు ఎత్తిపట్టి, తిప్పి చూసి, 'ఇందులో ఏముందండీ?' అన్నారు. చెడ్డ మనిషేమీ కాదు, మంచినీళ్లు కూడా ఇప్పించారు. 'ముందు మీరు కట్టేయండి, అతను కట్టాక మళ్లీ తీసుకోవచ్చు' అన్నారు. అతను కట్టాక! ఫోనే ఎత్తనివాడు పన్ను కడతాడా? వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు కాగితాలు దాచాలని చట్టంలో రాశారు, ఆ సంగతి కాటా వాడికి ఎవరు చెబుతారు?

అతనికి రిజిస్ట్రేషన్ ఇచ్చింది మీ శాఖ, నేను కాదు. మీ తరఫున పన్ను వసూలు చేసే అధికారం ఇచ్చిందీ మీరే. నేను వరుసగా రెండు నెలలు రిటర్ను వేయకపోతే నా ఈ-వే బిల్లును ఆపేసే పోర్టల్, అతన్ని మాత్రం పట్టుకోలేకపోయింది. దొరికినవాడే దొంగ అన్నట్టుంది వ్యవహారం. నేనెక్కడికీ పోలేదు, కొట్టు తెరిచే ఉంది, అందుకేనా?

ఆ పన్నులో సగం రాష్ట్రానిది. అక్కడ అడిగితే జీఎస్టీ కౌన్సిల్ చూడాలంటారు. కౌన్సిల్ అధ్యక్షులు మీరే కాబట్టి మళ్లీ మీకే రాస్తున్నాను. అతని దగ్గర వసూలు చేయండి. అది కాదంటే వడ్డీ అయినా తీసేయండి. అదీ కుదరదంటే కుదరదనే రాయండి, నంబరు మాత్రం పంపకండి. ఇప్పుడు బిల్లు 2బిలో కనబడేదాకా పన్ను డబ్బు ఆపుతానంటే డీలర్లు సరుకు దించడం లేదు. మొన్న ఒకాయన లారీని గుమ్మం ముందు నుంచే వెనక్కి తిప్పేశాడు.

నోటీసు నకలు, బ్యాంకు స్టేట్‌మెంటు, కాటా చీటీ జిరాక్సు జతచేస్తున్నాను. మూడోది తెల్లగానే ఉంటుంది, పొరపాటున పెట్టానని పారేయకండి.

ఇట్లు,
ఒక పైపుల కొట్టు యజమాని,
తెనాలి