పడవలు పంచేముందు పోటూ పాటూ నేర్పండి

సంపాదకులు గారికి,

అమెరికాలో క్లామత్ నది మీద ఆదివాసీ పిల్లలు కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు) వేసుకుని, నది పుట్టిన చోటి నుంచి సముద్రం దాకా వెళ్లారని చదివినవాళ్లు, మన గోదావరి పిల్లలకూ నాలుగు కయాక్‌లు కొనిస్తే బాగుండు అంటున్నారు. కోరిక మంచిదే. అయితే అక్కడ జరిగింది పడవల పంపిణీ కాదు. ఆ నది మీది నాలుగు డ్యాముల తొలగింపు 2024లో పూర్తయింది. రియోస్ టు రివర్స్ అనే సంస్థ మాత్రం 2022లోనే, డ్యాములు ఇంకా నిలబడి ఉండగానే, నదీతీరపు తెగల పిల్లలకు తెడ్డు పట్టడం నేర్పడం మొదలుపెట్టింది. 2025 జూన్ 12న బయల్దేరి జూలై 11న సముద్రం చేరిన ఆ ప్రయాణం వెనుక మూడేళ్ల సాధన ఉంది. ఇక్కడ సంస్థలు పెట్టేవాళ్లు చూడవలసింది ఆ మూడేళ్ల వైపు.

మన దగ్గర ఎవరి పిల్లలకు నేర్పాలన్నది మొదటి ప్రశ్న. పోలవరం కోసం ఊళ్లు ఖాళీ చేసిన కొండరెడ్లు, కోయల పిల్లలు ఇప్పుడు పునరావాస కాలనీల్లో పెరుగుతున్నారు. ఏటి ఒడ్డున పుట్టిన తల్లిదండ్రులకు తెలిసిన నీరు వీళ్లకు తెలియదు. డెల్టాలో మత్స్యకారుల పిల్లలు నీటి పక్కనే ఉన్నా ఇంజను పడవలకే అలవాటుపడ్డారు. ఈ రెండు జట్లనూ కలిపి నేర్పితే మేలు. రిసార్టుల పక్కన టిక్కెట్టు పెట్టి అరగంట తిప్పేదాన్ని ఈ లెక్కలో వేయకండి.

మొదటి రెండు వారాలు తెడ్డు ఇవ్వకూడదు. చెరువులో, నడుం లోతు నీళ్లలో, బట్టలతోనే తేలడం, యాభై మీటర్లు ఈదడం రావాలి. లైఫ్ జాకెట్ పిల్ల బరువుకు సరిపోయేది ఇవ్వాలి. పెద్దల జాకెట్టుకి తాళ్లు బిగించి సరిపెట్టడమే మన దగ్గర ఎక్కువగా కనబడే తప్పు. పరీక్ష తేలిక: బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే నీళ్లలో అది పిల్ల మీంచి ఊడిపోతుంది. చిన్నపిల్లలకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాల్సిందే. ఏడాదికోసారి జాకెట్లన్నీ నీళ్లలో వేసి, బరువు కట్టి తేలుతున్నాయో లేదో చూడాలి. ఉప్పునీటికి జిప్పులు తుప్పుపడతాయి, కాబట్టి వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి.

కయాక్ పైన కూర్చునే రకమే మొదలుకు మంచిది. అడుగున నీళ్లు కారిపోయే చిల్లులుంటాయి, తోడే పని లేదు. తిరగబడితే దాన్ని తిప్పుకుని, కాళ్లాడిస్తూ పొట్ట మీద ఎక్కి కూర్చోవచ్చు. లోపల కూర్చునే రకమైతే తలకిందులుగా ఉండగా బయటపడడం ముందు నేర్పాలి. తిరగబడ్డాక పడవను వదిలి ఒడ్డుకి ఈదడమే పెద్ద ప్రమాదం. ఎంత దగ్గరగా కనబడినా పడవను వదలకూడదని వంద సార్లు చెప్పాలి. ఎవరైనా పడితే ముందు గెడ చాపాలి, అందకపోతే తాడు విసరాలి, ఆపైన పడవ తీసుకెళ్లాలి. దూకడం ఆఖరు మాట. ఐదుగురు పిల్లలకొక శిక్షకుడు, ఎంత చిన్న జట్టుకైనా ఇద్దరు తగ్గకూడదు.

ఆ తరువాత నీటిని చదవడం. సముద్రపు నీరు పాయలోకి ఎక్కితే పోటు, తిరిగి దిగితే పాటు. మన పాయల్లో ఇవి రోజుకు రెండేసి సార్లు వస్తాయి, వేళ ఏ రోజుకారోజు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో లాగుడు ఎక్కువ. కోరింగ మడ అడవుల కాలువల్లోకి పోటుతో లోపలికి వెళ్లి, నీరు మళ్లగానే బయటికి రావాలి. ఆలస్యమైతే పడవ బురదలో కూర్చుంటుంది. అప్పుడు దిగి నడవబోతే మోకాలి దాకా దిగబడతారు, దిగబడ్డ కాలు లాగబోతే రెండోది కూడా పోతుంది. పడవలోనే కూర్చుని మళ్లీ పోటు వచ్చేదాకా ఆగాలి. అందుకే మనిషికి రెండు లీటర్ల మంచినీళ్లు, టోపీ లేకుండా బయల్దేరకూడదు.

పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇంకో చిక్కు. వేసవి మధ్యాహ్నాల్లో సముద్రం నుంచి గాలి లేస్తుంది. అదే వేళ పాటు బయటికి లాగుతుంటే గాలీ నీరూ ఎదురెదురై పొట్టి, నిటారు అలలు లేస్తాయి. పైకి చిన్నవిగానే కనబడతాయి, కయాక్‌ను మాత్రం నింపేస్తాయి. తెల్లారకముందే బయల్దేరి పదిలోపల ఒడ్డుకి చేరాలి. మొదటి ఏడాది పిల్లల్ని మొగకు తీసుకెళ్లనే కూడదు.

జూలైలో ఎర్రనీరు వచ్చాక పెద్ద పాయలు మూసేసినట్టే లెక్క. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు వేస్తారు, దానికోసం ఎదురుచూడనక్కరలేదు. అంతకంటే చాలా తక్కువ వరదకే లంకల అంచున మునిగిన తుప్పల్లోంచి నీరు పోతుంది, పడవా పిల్లా మాత్రం పోలేక ఇరుక్కుంటారు. ఆ తుప్పలే ప్రాణం తీస్తాయి. బ్యారేజీ కింద ఏ కాలంలోనూ పడవ వేయనివ్వకండి.

నేల సంగతికి మడ అడవే బడి. తిల్ల అనే మడ చెట్టు కొమ్మ విరిస్తే వచ్చే పాలు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదముందని, మడ చెట్ల ఊపిరి వేళ్లు తొక్కకూడదని చెప్పగలిగేవాళ్లు అక్కడ పీతలు పట్టేవాళ్లే. వాళ్లకు రోజుకూలి కట్టి గురువులుగా పెట్టుకోండి. శాలువా కప్పి పంపేస్తే ఆ పూట వేట పోయినట్టే వాళ్లకి. రెండో ఏట నేర్చుకున్నవాళ్లలోంచే శిక్షకులు తయారుకావాలి, అలా కాకపోతే దాత డబ్బు ఆగిన రోజే పడవలు ఎండలో పగులుతాయి. ప్లాస్టిక్ కయాక్‌లు ఎండకు పెళుసెక్కుతాయి కనుక తాటాకు పాక కింద, పక్కకు తిప్పి పెట్టాలి.

కోరింగ అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లలేం, వెళ్లకూడదు కూడా. అయితే ప్రతి దినానికీ వేరే అర్జీ అంటే పోటు వేళ దాటిపోతుంది. పిల్లల పేర్లు, శిక్షకుల పేర్లు, పోటు పట్టిక ముందే తీసుకుని డిసెంబరు ఆఖరు నుంచి మే దాకా సీజను మొత్తానికి ఒకే అనుమతి ఇమ్మని అటవీశాఖను, ఐటీడీఏలను (గిరిజనాభివృద్ధి సంస్థలను) కోరుతున్నాం.

— నది, పడవల పని తెలిసిన కొందరు పాఠకులు, కోనసీమ