డీవీడీ ఫైళ్ల సైజు గురించి, కొత్త ధర గురించి మా కస్టమర్లకు

అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి డీవీడీని ఫైలుగా మార్చే పనికి డిస్కుకి 150 రూపాయలు కాకుండా 220 తీసుకుంటున్నాను. పొద్దున ఇస్తే సాయంత్రానికి ఇచ్చేయడం కూడా ఇక కుదరదు, మూడు నాలుగు రోజులు పడుతుంది. ధర పెరిగింది, టైమూ పెరిగింది. పైగా ఫైలు సైజు ఒక్కో డిస్కుకి ఒక్కోలా వస్తోంది. "మా అక్క పెళ్లి 1.1 జీబీ వచ్చింది, నాది 2.6 జీబీ వచ్చింది. రెండూ రెండు గంటలే కదండీ, ఒకదానికి సరిగ్గా చేసి ఒకదానికి చేయలేదా?" అని పెరంబూరు నుంచి వచ్చిన ఒకావిడ అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. చెన్నై వడపళనిలో మా కౌంటర్ దగ్గర జనం మధ్య నిలబడి చెబితే సగమే అర్థమవుతుంది, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం. డీవీడీలో ఉన్న వీడియో కూడా కుదించినదే. అది ఎంపెగ్-2 పద్ధతి, 1990ల మధ్యలో ఖరారైంది. మన దగ్గర తయారైన పెళ్లి డిస్కుల్లో బొమ్మ మామూలుగా 720 చుక్కల వెడల్పు, 576 గీతల ఎత్తు ఉంటుంది. ఒక డిస్కులో 4.7 జీబీ పడుతుంది. అందులో రెండు గంటల పెళ్లి సర్దితే సెకనుకి సగటున 5 మెగాబిట్ల చిల్లర దక్కుతాయి (బిట్ అంటే సమాచారంలో అతి చిన్న ముక్క, మెగాబిట్ అంటే అలాంటివి పది లక్షలు). 2003లో వచ్చిన హెచ్.264 అనే పద్ధతి అదే బొమ్మని దాదాపు సగం బిట్లతో, కంటికి తేడా తెలియకుండా నిలబెట్టగలదు. మేము చేసే పని ఇదే. డిస్కులో ఉన్నదాన్ని పోనివ్వకుండా, ఫోన్లోనూ టీవీలోనూ ఆడే చిన్న ఫైలుగా మార్చడం.

మరి సైజులు ఎందుకు మారతాయంటే, ఈ పద్ధతులేవీ ప్రతి ఫ్రేమునీ, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మనీ, పూర్తిగా దాచవు. చాలా ఫ్రేములకి, ముందు ఫ్రేముకీ దీనికీ తేడా ఏమిటో అది మాత్రమే దాస్తాయి. అక్క పెళ్లిలో కెమెరా స్టాండు మీద ఉంది. జంట హోమం ముందు కూర్చుని ఉంటే వెనక డెకరేషన్ కదలదు, పురోహితుడి చెయ్యి, పొగ, ఇంతే కదిలేది. దానికి పెద్దగా బిట్లు అక్కర్లేదు. చెల్లెలి పెళ్లిలో కెమెరా మనిషి భుజం మీద పెట్టుకుని మండపం చుట్టూ తిరిగాడు. ప్రతి ఫ్రేములో అంతా కదులుతూనే ఉంది.

అన్నిటికన్నా కష్టమైన చోటు తలంబ్రాలు. పసుపు బియ్యం, మధ్యలో ముత్యాలు, థర్మోకోల్ గుళికలు, ఒక్కో గింజ ఒక్కో దారిలో పడుతుంటుంది. ఏ గింజా ముందు ఫ్రేములో ఉన్న చోట ఉండదు. పక్కనుంచి ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టాడా, ఆ ఫ్రేము మొత్తం తెల్లబడి ముందుదానితో పోలికే లేకుండా పోతుంది. అక్కడ బిట్లు చాలకపోతే గింజలన్నీ కలిసి పసుపు మరకలైపోతాయి, పెళ్లికూతురి ముఖం గళ్లుగళ్లుగా విడిపోతుంది. పెళ్లి వీడియో తీసి చూసేవాళ్లు వెతుక్కునేది సరిగ్గా ఆ రెండు నిమిషాలనే.

సినిమాని ఒక సీడీలో పట్టించడానికి 700 ఎంబీ అని సైజు ముందే కట్టేసే అలవాటు మా లైనులో పాతది. పెన్ డ్రైవ్‌లు చిన్నవిగా ఉన్నప్పుడు మీరు అడిగేదీ అదే, అన్ని షాపుల్లోనూ చేసేదీ అదే. అలా అన్ని పెళ్లిళ్లకీ ఒకే సైజు కట్టేస్తే స్టాండు మీద తీసిన పెళ్లికి బిట్లు మిగిలిపోవచ్చు, కెమెరా తిరిగిన పెళ్లికీ తలంబ్రాలకీ చాలకుండా పోవచ్చు. ఇప్పుడు మేము సైజు కట్టడం లేదు, నాణ్యతని కడుతున్నాం. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌ఎఫ్ అనే అంకె ఒకటి ఉంటుంది. అంకె తగ్గితే నాణ్యత, సైజు రెండూ పెరుగుతాయి. డీవీడీ స్థాయి బొమ్మకి 18 నుంచి 22 మధ్య పెట్టుకోమని వాళ్లే సలహా ఇస్తారు. మా దగ్గర 19 పెడుతున్నాం. "10 పెట్టండి, డబ్బులు ఎక్కువైనా ఫర్వాలేదు" అని ఒకరిద్దరు అన్నారు. వద్దు. అంత కిందికి వెళ్తే డిస్కులో ఉన్న చుక్కల గోలని కూడా అపురూపంగా దాచిపెట్టినట్టవుతుంది. ఫైలు అసలు డిస్కుని మించిపోయినా ఆశ్చర్యం లేదు, కంటికి మాత్రం లాభం ఉండదు.

కాబట్టి అక్కది 1.1 జీబీ, చెల్లెలిది 2.6 జీబీ రావడమే సరైన ఫలితం. రెండిటికీ ఒకే సైజు వచ్చి ఉంటే అనుమానించాలి.

టైము ఎందుకు పెరిగిందో చెబుతాను. గ్రాఫిక్స్ కార్డుతో మార్చితే రెండు గంటల డిస్కు నిమిషాల్లో అయిపోతుంది. కానీ అదే సైజులో ప్రాసెసర్ నిదానంగా చేసిన ఫైలు పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ముఖ్యంగా రిసెప్షన్ స్టేజీ వెనక ఉండే చీకటిలోనూ, పట్టుచీర జరీ అంచులోనూ. అందుకే x264 అని మేము వాడే ఎన్‌కోడర్‌ని (హ్యాండ్‌బ్రేక్‌లో వీడియోని హెచ్.264గా కుదించే భాగం) నిదానం సెట్టింగులో నడుపుతున్నాం. కరెంటూ ఎక్కువే, కంప్యూటరూ గంటల తరబడి ఖాళీగా ఉండదు. పెంచిన 70 రూపాయల్లో కొంత దీనికి పోతుంది. ఎక్కువ భాగం మాత్రం మనిషి టైముకే. పూర్తయిన ప్రతి ఫైలునీ టీవీలో పెట్టి ముహూర్తం దగ్గర, తలంబ్రాల దగ్గర, రాత్రి లైట్ల దగ్గర చూశాకే మీకిస్తున్నాం.

ఇక గీతల సంగతి. "డిస్కులో బాగానే ఉండేది, ఫైలులో గీతలు పడుతున్నాయి" అని వేరే చోట చేయించుకున్న ఫైళ్లు పట్టుకొచ్చేవాళ్లు చాలామంది. ఆ కెమెరాలు 576 గీతల్నీ ఒకేసారి తీసేవి కావు. సెకనులో యాభయ్యో వంతులో ఒక వరుస తప్పించి ఒక వరుస, తర్వాతి యాభయ్యో వంతులో మిగిలిన వరుసలు. పాత డబ్బా టీవీ కూడా అలాగే చూపించేది, అందుకే ఇంట్లో ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఇప్పటి స్క్రీన్ మీద ఆ రెండు సగాలూ కలిపి ఒకే బొమ్మగా పడితే, కదిలే వస్తువు అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. తాళి కట్టేటప్పుడు చేతుల దగ్గర ఆపి చూడండి, గాజుల అంచుల్లో తెలిసిపోతుంది.

దీనికి తేలిక మందు ఒకటుంది. ఒక సగాన్ని పారేసి, ఉన్న సగాన్నే సాగదీయడం. గీతలు పోతాయి, వాటితోపాటు జరీ పని కూడా పోతుంది, ఏటవాలు అంచులన్నీ మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. మేము ప్రతి సగాన్నీ పక్క ఫ్రేముల సాయంతో పూర్తి బొమ్మగా కట్టి, సెకనుకి 50 ఫ్రేములుగా ఇస్తున్నాం. ఊరేగింపులో డాన్సు, పిల్లల పరుగులు అప్పట్లో టీవీలో ఎంత సాఫీగా కదిలేవో అంత సాఫీగా కదులుతాయి. ఫైలు కాస్త పెరుగుతుంది, ఆ మాత్రం పెరగనివ్వాలి. కొన్ని డిస్కుల్లో స్టూడియోలో ఎడిటింగ్ చేసినప్పుడే ఏ సగం ముందు, ఏ సగం వెనక అన్న వరుస తారుమారై ఉంటుంది. కదిలినప్పుడల్లా బొమ్మ ముందుకీ వెనక్కీ వణుకుతుంది. అలాంటిది కనబడితే వరుస సరిచేసి మళ్లీ మొదట్నించీ చేస్తాం, దానికి అదనంగా తీసుకోం.

పాత పెళ్లిళ్లు చాలావరకు 4:3 కొలతలో ఉంటాయి. టీవీ నిండా రావాలని సాగదీయమంటే చేయను, అందరూ లావుగా కనిపిస్తారు. పక్కన నల్ల పట్టీలు ఉంటాయి, ఉండనివ్వండి.

"4కే చేసి ఇవ్వండి" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. ఈ విషయంలో నా మాట గట్టిది. డిస్కులో ఉన్నవి 576 గీతలు, 4కే అంటే 2160. మిగతా గీతలు ఎక్కడినుంచి వస్తాయి? సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది. పూలదండలకీ గోడలకీ అది బాగానే ఉంటుంది. మూడో వరుసలో కూర్చున్న తాతయ్య ముఖం డిస్కులో గోరంత ఉంటే, సాఫ్ట్‌వేర్ దానికి కొత్త కళ్లు, కొత్త పెదవులు పెడుతుంది. బొమ్మ నున్నగా వస్తుంది, కానీ అది తాతయ్య ముఖం కాదు. ఆయన కదిలే బొమ్మ మీకు మిగిలింది ఆ ఒక్క డిస్కులోనే అయితే, దాని మీద ఇంకొక ముఖం అతికించి డబ్బు తీసుకోవడం నాకు ఇష్టం లేదు. మీ టీవీ ఎలాగూ 576ని స్క్రీన్‌కి సరిపడా పెద్దది చేసుకుంటుంది.

ఇంకో నిజం కూడా ముందే చెప్పాలి. డబ్బు మిగులుతుందని కొన్ని స్టూడియోలు నాలుగేసి గంటల పెళ్లిని ఒకే డిస్కులోకి ఎక్కించి ఇచ్చేవి. అప్పుడు సెకనుకి 2.6 మెగాబిట్లే దక్కుతాయి, ఎంపెగ్-2కి అది బొత్తిగా చాలదు. అలాంటి డిస్కుల్లో గళ్లు మొదటినుంచీ ఉన్నవే. కాస్త మెత్తబరచగలం, మాయం చేయలేం. మీ ఇంట్లో అదే పెళ్లి క్యాసెట్ కూడా ఉంటే ముందు అది తీసుకురండి, దానిలోంచి మంచి బొమ్మ రావచ్చు.

పెళ్లి వీడియోల్లాంటివి రాసుకునే డిస్కుల్లో సమాచారం ఉండేది ఒక రంగు పొరలో. ఎండకీ వేడికీ అది పాడవుతుంది, మన చెన్నై తేమ కూడా దానికి మంచిది కాదు. పైన అంటించిన కాగితం స్టిక్కర్ ఒక పక్క లేస్తే డిస్కు తిరిగేటప్పుడు ఊగుతుంది. దాన్ని మీరు పీకకండి, లాగే బలానికి డిస్కు దెబ్బతినవచ్చు. 2015 డిసెంబరు వరదల్లో తడిసిన డిస్కులు ఇప్పటికీ అట్టపెట్టెల్లోంచి బయటకొస్తున్నాయి. బురద ఎండిపోయి ఉంటే గుడ్డతో రుద్దొద్దు, ఇసుక గీరుకుంటుంది. మంచినీళ్లలో నానబెట్టి, అవసరమైతే ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కడిగి, మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచు వైపుకి తుడవండి. గుండ్రంగా తిప్పి తుడవకండి. లేదంటే ఎలా ఉన్నది అలాగే తెచ్చివ్వండి, మేమే చేస్తాం. చదవలేని చోట డ్రైవ్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఒక్కో డిస్కు రాత్రంతా తీసుకుంటుంది. అయినా రాకపోతే ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా పోయిందో కాగితం మీద రాసిస్తాం. అసలు ఏమీ రాకపోతే డబ్బు తీసుకోం.

కొనుక్కున్న సినిమా డీవీడీలు మాత్రం తేవద్దు. వాటిలో చాలావాటికి కాపీ తాళం ఉంటుంది. 2012లో కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ చేర్చారు, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో అలాంటి తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు. ఆ తాళాలు తీసి కాపీలు అమ్మే వ్యాపారం నేను చేయను. పాత సినిమాల మీద మీకున్న ప్రేమ నాకు తెలుసు, కోడంబాక్కం పక్కనే పెరిగినవాణ్ని. అయినా కుదరదు.

హెచ్.264 తర్వాత వచ్చిన హెచ్.265లో ఇస్తే ఫైలు ఇంకా చిన్నదవుతుంది కదా అంటారు. అవుతుంది, కానీ పెద్దవాళ్ల ఇంట్లో ఉండే పాత టీవీల్లో ఆడకపోవచ్చు. పెళ్లి వీడియో ఎక్కువగా చూసేది వాళ్లే. అందుకే హెచ్.264, ఎంపీ4. శబ్దం జోలికి పెద్దగా పోం. సెకనుకి 192 కిలోబిట్లు ఇచ్చినా గంటకి 86 ఎంబీయే, నాదస్వరం దగ్గర పొదుపు చేయాల్సిన పని లేదు. 2 జీబీ లోపు ఫైలుని వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, అంతకన్నా పెద్దది అందులో వెళ్లదు. వీడియోగా పంపితే అది మళ్లీ కుదించేస్తుంది, ఇంత పనీ వృథా.

కంప్యూటర్ తెలిసిన పిల్లలు ఇంట్లో ఉంటే మీ డిస్కుల్ని మీరే చేసుకోవచ్చు, సంతోషంగా చెబుతాను. రిచ్చి స్ట్రీట్‌లో బయట పెట్టుకునే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ దొరుకుతుంది. డిస్కులో వీడియో_టీఎస్ (VIDEO_TS) అనే ఫోల్డర్ ఉంటుంది, ముందు దాన్ని మొత్తంగా కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. ఆ ఫోల్డర్‌ని హ్యాండ్‌బ్రేక్‌లో తెరిచి, x264, ఆర్‌ఎఫ్ 19, నిదానం (Slow) ప్రీసెట్ పెట్టి, దువ్వెన గీతలు తీసే డీ-ఇంటర్‌లేస్‌లో బీడబ్ల్యూడిఫ్ (Bwdif) ఎంచుకుని, దాని కింద 50 ఫ్రేములిచ్చే బాబ్ (Bob) ఆప్షన్ తీసుకోండి. మొత్తం నడిపే ముందు తలంబ్రాల దగ్గర రెండు నిమిషాలు మాత్రమే చేసి చూడండి.

మా దగ్గర చేయించుకునేవాళ్లకి ఇకపై ఎంపీ4తోపాటు డిస్కుని ఉన్నదున్నట్టు తీసిన కాపీ కూడా అదే ధరలో ఇస్తున్నాం. రేపు ఇంకా మంచి పద్ధతి వస్తే దానిలోంచి మళ్లీ చేసుకోవచ్చు, అప్పటికి డిస్కు బతికి ఉంటుందన్న నమ్మకం లేదు. కాబట్టి ఒక్కో డిస్కుకి 8 జీబీ ఖాళీ ఉండేలా చూసుకుని పెన్ డ్రైవ్ తెచ్చుకోండి. మా కంప్యూటర్‌లో మీ వీడియో నెల రోజులు ఉంటుంది, తర్వాత తీసేస్తాం. మీ ఇంటి ఆడపిల్లల వీడియోలు మా దగ్గర ఉండిపోకూడదు.

ఇప్పటికే ఇచ్చి వెళ్లినవాళ్ల డిస్కులు పాత ధరకే చేస్తాను, కానీ పద్ధతి మాత్రం కొత్తదే. తెచ్చేటప్పుడు డిస్కు కవర్లు కూడా తీసుకురండి. వాటి మీద ఎవరి పెళ్లి, ఏ తేదీ అని రాసి ఉన్నదాన్ని బట్టే ఫైళ్లకి పేర్లు పెడతాం. ఆదివారం మధ్యాహ్నం దాకా షాపు తెరిచే ఉంటుంది.